హాస్టల్ వైఫై సాయంత్రం తెగుతోంది, పిల్లల ఎంఎల్ మోడల్ మాత్రం రోజంతా దాడి అంటోంది

రాయగడ_వైరింగ్
రాయగడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో నెట్‌వర్క్ పని చూస్తాను. కొన్నాళ్లుగా మూడో అంతస్తులో సాయంత్రం అయితే చాలు వైఫై తెగిపోతోంది. ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంటుంది, కనెక్ట్ అవుతుంది, కాసేపటికి ఊడిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది. యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) మార్చాను, కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను. తేడా వచ్చింది నా బీపీలో ఒక్కదాంట్లోనే.

ఎవడో పిల్లాడు హ్యాక్ చేస్తున్నాడని వార్డెన్ గారు తేల్చేశారు. గదులన్నీ వెతుకుతాం అంటున్నారు. ఈలోగా సీఎస్ ఫైనలియర్ పిల్లలు వైర్‌లెస్ చొరబాట్లు పట్టే మెషిన్ లెర్నింగ్ మోడల్ ఒకటి ప్రాజెక్టుగా చేశారు. 99.8 శాతం యాక్యురసీ అట. సరే అని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద వేయించి ఆ కారిడార్‌లోనే పెట్టాను. పొద్దున లేదు, అర్ధరాత్రి లేదు, దాడి దాడి అని టెలిగ్రామ్‌కి మెసేజ్‌లు పంపుతూనే ఉంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటున్నాను.

ఇంకోవైపు ఒక సేల్స్ అబ్బాయి ఏఐ ఉన్న పెట్టె కొనమంటున్నాడు. దాని ధర చెబితే ప్రిన్సిపాల్ గారు ముందు నన్ను అమ్మేస్తారు. ఏం చేయమంటారు?

రీబూట్_రాజు
రీబూట్ చేశావా అన్నా?

రాయగడ_వైరింగ్
@రీబూట్_రాజు నీ పేరు చూడగానే ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. చేశాను.

పర్లాకిమిడి_పాతకాపు
పెట్టె కొనకండి. మోడల్ తీసి పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది డీఆథ్ లాగా ఉంది.

తెలియనివాళ్ల కోసం: వైఫైలో డేటాకి తాళం ఉంటుంది కానీ, కనెక్ట్ అవడానికి, విడిపోవడానికి వాడే మేనేజ్‌మెంట్ ఫ్రేములకు మొదట్లో తాళం పెట్టలేదు (ఫ్రేము అంటే గాల్లో వెళ్లే ఒక్కో చిన్న సందేశం). యాక్సెస్ పాయింట్ అడ్రసు దొంగిలించి "ఇక సెలవు" అని ఒక డీఆథ్ ఫ్రేము పంపితే ఫోన్ నమ్మేసి దిగిపోతుంది. పాస్‌వర్డ్ తెలియక్కర్లేదు. దీనికి మందు 2009లోనే వచ్చింది, 802.11డబ్ల్యూ, ఆ ఫ్రేములకు రక్షణ ఇస్తుంది, మెనూలో పీఎంఎఫ్ అని ఉంటుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే వైఫై తాళంలో అది తప్పనిసరి. మీ కంట్రోలర్‌లో (యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపేది) పీఎంఎఫ్ ఏ స్థితిలో ఉందో చూడండి. పదేళ్లు పైబడిన చికిత్స ఉండగా కొత్త రోగనిర్ధారణ యంత్రం ఎందుకండీ?

రాయగడ_వైరింగ్
@పర్లాకిమిడి_పాతకాపు మాస్టారూ, చూశాను. ఆఫ్‌లో ఉంది. ఆన్ చేస్తే హాజరు వేసే వేలిముద్ర మిషన్లు ఊడిపోతాయని ముందు పనిచేసినాయన ఆపేశాడట. మూడు ఆప్షన్లున్నాయి: ఆఫ్, ఐచ్ఛికం, తప్పనిసరి.

పర్లాకిమిడి_పాతకాపు
ఐచ్ఛికంలో పెట్టండి. అది తెలిసిన ఫోన్లు వాడుకుంటాయి, తెలియనివి పాత పద్ధతిలో ఎక్కుతాయి.

ఎనిమిదో_సెమ్
ఆ మోడల్ మాదే. చేసిన నలుగురిలో నేనొకణ్ణి. పక్కన పెట్టండి అనేముందు ఒక్క మాట. మేం లెక్క తప్పు చేయలేదు. ఏడబ్ల్యూఐడీ అనే వైఫై దాడుల డేటాసెట్ తీసుకున్నాం, గ్రీసులో ఈజియన్ యూనివర్సిటీ వాళ్లది, 2015ది. పరిశోధనా పత్రాల్లో చాలామంది వాడేది అదే. ర్యాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ అనే ఎంఎల్ పద్ధతులు రెండూ నడిపాం. 99.8 నిజంగానే వచ్చింది, కావాలంటే నోట్‌బుక్ చూపిస్తాను.

సిరొంచ_సిగ్నల్
మా సిరొంచలో ఈ సమస్య లేదు. తెంపడానికి ముందు నెట్ రావాలి కదా.

జయపురం_జ్యోత్స్న
@ఎనిమిదో_సెమ్ తమ్ముడూ, నేను ఇదే విషయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నీ 99.8ని నమ్ముతున్నాను. అయినా హాస్టల్లో అది ఎందుకు కూలిపోయిందో చెప్పగలను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మొదటిది, ఆ డేటాసెట్ చిన్న వెర్షన్ టెస్ట్ ఫైల్లో 5,75,643 రికార్డులుంటాయి. అందులో మామూలు ట్రాఫిక్ 5,30,785. అంటే ఏమీ నేర్చుకోని మోడల్ కళ్లు మూసుకుని అన్నిటికీ "మామూలు" అన్నా 92 శాతం యాక్యురసీ వస్తుంది. కాబట్టి యాక్యురసీ అనే ఒక్క అంకె ఇక్కడ ఏమీ చెప్పదు. తరగతి వారీగా రికాల్ (ఉన్న దాడుల్లో పట్టినవి) ఎంత, ప్రెసిషన్ (దాడి అన్నవాటిలో నిజమైనవి) ఎంత అన్నది చూడాలి. ముఖ్యంగా వేషధారణ దాడులు, అంటే ఇంపర్సనేషన్ తరగతి. చాలామంది మోడళ్లు తడబడేది అక్కడే.

రెండోది, అది ల్యాబులో ఒక చిన్న నెట్‌వర్కు మీద పట్టిన ట్రాఫిక్. పైగా ఆ నెట్‌వర్కుకి ఉన్నది డబ్ల్యూఈపీ తాళం. 2001లోనే విరిగిపోయిన తాళం అది. ఇంజెక్షన్, అంటే దొంగ ఫ్రేములు దూర్చే తరగతిలోవి చాలావరకు ఆ తాళం మీద చేసే దాడులే. మీ హాస్టల్లో డబ్ల్యూఈపీ ఎక్కడుంది? నీ మోడల్ కష్టపడి నేర్చుకున్న దాంట్లో ఒక భాగం నీకు ఎప్పటికీ ఎదురుపడదు.

మూడోది అడుగుతాను, నిజం చెప్పు. ట్రైనింగ్, టెస్ట్ ఫైళ్లు విడివిడిగానే ఉంచారా, కలిపేసి మళ్లీ చీల్చారా? మాక్ అడ్రసులు (ఒక్కో పరికరం వైఫై చిరునామా), టైమ్ కాలమ్ ఫీచర్లలో, అంటే మోడల్ చూసే వివరాల్లో, ఉంచారా?

ఎనిమిదో_సెమ్
కలిపి 80-20 చీల్చాం. యూట్యూబ్‌లో అందరూ అలాగే చేస్తారు మేడం. మాక్ కాలమ్ తీయలేదు, నంబర్లుగా మార్చాం.

జయపురం_జ్యోత్స్న
అదే. ఒక ఫ్లడింగ్ దాడిలో, అంటే ఫ్రేముల వరద పారించే దాడిలో, వేల ఫ్రేములు వరసగా, ఒకే అడ్రసు నుంచి, దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని కలిపేసి చీలిస్తే కొన్ని ట్రైనింగ్‌లోకి, కొన్ని టెస్ట్‌లోకి పోతాయి. పరీక్ష పేపరు ముందే చూసినట్టే. ఇంక మాక్ ఉంచితే మోడల్ దాడి ఎలా ఉంటుందో నేర్చుకోదు, ఆ గ్రీకు ల్యాబులో దాడి చేసిన ల్యాప్‌టాప్ అడ్రసు నేర్చుకుంటుంది. రాయగడలో ఆ ల్యాప్‌టాప్ లేదు కదా.

రీబూట్_రాజు
వైవాలో ఎవరూ అడగలేదా ఇది?

ఎనిమిదో_సెమ్
వైవా ఇంకా అవలేదు.

రీబూట్_రాజు
అయితే ఈ థ్రెడ్ దేవుడు పంపించాడు.

గుడిదారి_లాడ్జి
మాది రాయగడే. మజ్జిగౌరమ్మ గుడికి వచ్చేవాళ్లు దిగే లాడ్జి. మా దగ్గర ఇంకో రకం గొడవ. మా రౌటర్‌కి వచ్చిన సెక్యూరిటీ యాప్ "కొత్త పరికరం, కొత్త పరికరం" అని అరుస్తూనే ఉంటుంది. లాడ్జికి కొత్తవాళ్లు రాకపోతే నేనేం తినాలి?

బల్లార్షా_బండి
@గుడిదారి_లాడ్జి అందులో అందరూ కొత్తవాళ్లు కాకపోవచ్చు కూడా. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో అబద్ధపు మాక్ అడ్రసు చూపిస్తున్నాయి. అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది ఫోన్ తనకు తానే పెట్టుకున్నదని అర్థం. తెలిసిన మాక్‌ల జాబితా పెట్టుకుని మిగతావన్నీ అనుమానమే అనే పద్ధతి ఆ రోజుతోనే చచ్చిపోయింది. నేను బల్లార్షాలో ఒక ఇంటర్నెట్ కంపెనీకి లైన్లు చూస్తాను, ఇలాంటి కంప్లయింట్లు రోజూ వస్తాయి.

@రాయగడ_వైరింగ్ అన్నా, ఎవరూ అడగని ప్రశ్నలు నేను అడుగుతా. ఏ టైముకి మొదలవుతోంది, ఏ టైముకి ఆగుతోంది? ఆదివారం కూడా ఉంటుందా? 5 గిగాహెర్ట్జ్ మీద ఉన్న ఫోన్లు కూడా తెగుతున్నాయా, 2.4 మీదవేనా?

రాయగడ_వైరింగ్
సాయంత్రం ఐదున్నర తర్వాత మొదలు. తొమ్మిది దాటితే ఆగిపోతుంది. ఆదివారం... మీరు అడిగాక లాగ్ చూశాను, లేదు! రెండు బ్యాండ్లూ తెగుతున్నాయి.

బల్లార్షా_బండి
అయితే పిల్లల గదులు వెతకొద్దని వార్డెన్‌కి చెప్పండి. పిల్లలు ఆకతాయితనానికి వాడేది ఎక్కువగా ఈఎస్‌పీ8266 బోర్డు. కొన్ని వందలకు వస్తుంది. దానికి 5 గిగా రాదు. పైగా ఆదివారం ఖాళీగా ఉండి, చేతులు దురద పెట్టే రోజు. ఆ రోజు చేయకుండా సోమవారం సాయంత్రం టైము ప్రకారం చేసే పిల్లాడిని నేను చూడలేదు.

పర్లాకిమిడి_పాతకాపు
5 గిగా కొట్టే బోర్డులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి బాబూ. అది పట్టుకుని నిర్దోషి అనలేం. ఆదివారం పాయింటు మాత్రం బలమైనది.

సిరొంచ_సిగ్నల్
ఆదివారం సెలవు తీసుకునే హ్యాకర్. గవర్నమెంటు ఉద్యోగేమో.

రాయగడ_వైరింగ్
పీఎంఎఫ్ ఐచ్ఛికంలో పెట్టాను. కొత్త ఫోన్లున్న పిల్లలు బాగుందంటున్నారు. పాత ఫోన్లు ఇంకా తెగుతున్నాయి. అంటే మాస్టారు చెప్పినట్టు డీఆథే. ఇప్పుడు వాడెవడో పట్టాలి. మోడల్ మాత్రం ఇంకా అరుస్తూనే ఉంది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, వెంటనే "ఫ్లడింగ్ దాడి, తీవ్రత ఎక్కువ" అని వరసగా కొట్టింది.

ఎనిమిదో_సెమ్
కరెంటు వచ్చినప్పుడు యాక్సెస్ పాయింట్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఫోన్లన్నీ ఒకేసారి ఎక్కుతాయి. మోడల్‌కి అది అసోసియేషన్ ఫ్లడ్ (కనెక్షన్ అడిగే ఫ్రేముల వరద) లాగే కనిపిస్తుంది. గ్రీసులో కరెంటు పోలేదనుకుంటా.

పర్లాకిమిడి_పాతకాపు
అందుకే అంటున్నాను, ఈ మోడళ్లు మన ఊళ్లకు పనికిరావు. కిస్మెట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డీఆథ్‌లు హద్దు దాటితే అలారం కొడుతుంది. ఒక హద్దు, ఒక అలారం. ర్యాండమ్ అడవులు అక్కర్లేదు.

జయపురం_జ్యోత్స్న
మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. నియమంతో పట్టగలిగిన దాన్ని నియమంతోనే పట్టాలి. కానీ ఆ హద్దు ఎంత పెడతారు? ఫోన్ని తెంపడానికి కొన్ని సెకన్లకు ఒక్క డీఆథ్ చాలు. హద్దు కిందే ఉంటూ రోజంతా ఏడిపించవచ్చు. హద్దు తగ్గిస్తారా, మంచి యాక్సెస్ పాయింట్లు కూడా డీఆథ్‌లు పంపుతాయి: చాలాసేపు పలకని ఫోన్ని దింపేయడానికి, రద్దీ ఎక్కువైతే, 2.4 నుంచి 5కి నెట్టడానికి. అప్పుడు మీ కిస్మెట్ కూడా ఈ అబ్బాయి మోడల్ లాగే అరుస్తుంది. ఏది ఆ భవనంలో మామూలు అన్నది ఆ భవనం నుంచే నేర్చుకోవాలి. మెషిన్ లెర్నింగ్‌కి ఇక్కడ ఉన్న నిజమైన పని అదొక్కటే.

ఇంక అలారాల వరద సంగతి. మోడల్ ఒక్కో ఫ్రేముకీ తీర్పు చెబుతోంది, జబ్బు అక్కడుంది. ఒక్క యాక్సెస్ పాయింట్ 102.4 మిల్లీసెకన్లకు ఒక బీకన్, అంటే నేనిక్కడున్నానని చెప్పే ఫ్రేము, పంపుతుంది, సాధారణ సెట్టింగ్‌లో. రోజుకి 8,43,750 బీకన్లు. వెయ్యికి ఒక్కటి తప్పు చెప్పినా ఒక్క యాక్సెస్ పాయింట్ బీకన్ల మీదే రోజుకి 840కి పైగా దొంగ అలారాలు. ఫోన్ల ట్రాఫిక్ ఇంకా లెక్కలోకే రాలేదు. స్టెఫాన్ ఆక్సెల్‌సన్ అనే ఆయన 1999, 2000ల్లోనే దీన్ని లెక్క కట్టి చూపించాడు. లక్ష ఘటనల్లో ఒకటే దాడి అనుకోండి. మీ మోడల్ దాడిని 99 శాతం పడుతుంది, మామూలుదాన్ని 1 శాతమే తప్పుగా దాడి అంటుంది. వినడానికి గొప్పగా ఉంది కదా? అయినా వెయ్యి అలారాలు మోగితే అందులో నిజమైనది ఇంచుమించు ఒక్కటి.

రాయగడ_వైరింగ్
ఆ ఒక్కటి నా ఫోన్ సైలెంట్‌లో ఉన్నప్పుడు వచ్చి ఉంటుంది.

గుడిదారి_లాడ్జి
ఈ లెక్క మా యాప్ చేసినవాళ్లకు పంపించండి ఎవరైనా.

ఎనిమిదో_సెమ్
మరి ఏం చేయాలి మేడం? ప్రాజెక్టు మొత్తం పారేయాలా?

జయపురం_జ్యోత్స్న
పారేయకు. ఫ్రేములు లెక్కపెట్టడం మాని నిమిషాలు లెక్కపెట్టు. ఒక్కో నిమిషానికి ఒక్కో యాక్సెస్ పాయింట్ గురించి ఒక వరస రాయి: డీఆథ్‌లు ఎన్ని, కొత్తగా ఎక్కినవి ఎన్ని, ఆ రెండిటి నిష్పత్తి, మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చిన ఫ్రేముల శాతం, బీకన్ల మధ్య ఎడం ఎంత ఊగుతోంది, ఆ అడ్రసు పేరుతో వచ్చిన ఫ్రేముల సిగ్నల్ బలం సగటు, చెదురు (ఎంత అటూఇటూ పోతోంది). రోజుకి 1440 వరసలే. వందకి ఒకటి తప్పినా 14 అలారాలు. వరసగా మూడు నిమిషాలు అనుమానంగా ఉంటేనే కొట్టు అంటే ఇంకా తగ్గుతాయి. దాడి, మామూలు అనే లేబుళ్లు అక్కర్లేకుండా తేడాగా ఉన్నదాన్ని పట్టే ఐసొలేషన్ ఫారెస్ట్ చాలు, మామూలుగా ఉన్న రోజుల డేటా ఇచ్చి నేర్పించు. ఆటోఎన్‌కోడర్ (మామూలుదాన్ని తిరిగి గీయడం నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) కావాలంటే 2018లో ఇజ్రాయెల్ వాళ్లు చేసిన కిట్సూనే చూడు, రాస్ప్‌బెర్రీ పై మీదే నడిపించారు.

కరెంటు సంగతికి ఒక చిట్కా. ప్రతి బీకన్‌లోనూ ఒక టైమ్‌స్టాంప్ ఉంటుంది, యాక్సెస్ పాయింట్ లేచినప్పటి నుంచి మైక్రోసెకన్లలో లెక్క. అది సున్నా దగ్గరి నుంచి మళ్లీ మొదలైందంటే ఇప్పుడే లేచిందన్నమాట. ఆ తర్వాతి పది నిమిషాల ఫ్లడింగ్ అలారం మింగేయ్.

బల్లార్షా_బండి
ఆ టైమ్‌స్టాంప్ నకిలీ యాక్సెస్ పాయింట్ని పట్టడానికి కూడా పనికొస్తుంది కదా? ఒకే పేరు, ఒకే అడ్రసుతో రెండు పెట్టెలు కూస్తుంటే రెండిటి గడియారాలూ కలవవు.

జయపురం_జ్యోత్స్న
అవును. గడియారాలు ఒక్కో దాంట్లో ఒక్కో మోతాదులో పరిగెడతాయి, ఆ తేడానే వేలిముద్రలా వాడొచ్చని 2008లో సుమన్ జానా, స్నేహా కాసెరా చూపించారు. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పనుల్లో అదొకటి. అందులో న్యూరల్ నెట్‌వర్క్ లేదు, సరళరేఖ గీయడమే.

పర్లాకిమిడి_పాతకాపు
సరళరేఖ అంటున్నారు, ఇప్పుడు మీతో ఒప్పుకుంటాను అమ్మా.

రాయగడ_వైరింగ్
పిల్లల రాస్ప్‌బెర్రీ పై ఛానెళ్లు మారుస్తూ వింటోంది. అది సరేనా?

జయపురం_జ్యోత్స్న
సరికాదు. ఒక్క రేడియో ఉండి 1, 6, 11 అని గెంతుతుంటే ఎక్కడా పూర్తిగా వినదు. ప్రతి ఫ్రేముకీ 0 నుంచి 4095 దాకా తిరిగే సీక్వెన్స్ నంబరు ఉంటుంది. ఇంకొకడు అదే అడ్రసుతో ఫ్రేము దూరిస్తే ఆ వరస తప్పుతుంది, మంచి ఆనవాలు. కానీ మనమే మధ్యలో వినకుండా పోతే వరసంతా తప్పినట్టే కనిపిస్తుంది. ఆ అలారాల్లో కొన్ని దీనివల్లే కావచ్చు. మూడో అంతస్తు యాక్సెస్ పాయింట్ ఏ ఛానెల్లో ఉందో అక్కడే పాతుకుని వినండి. మానిటర్ మోడ్ (చుట్టూ ఉన్న ఫ్రేములన్నీ వినడం) వచ్చే యూఎస్‌బీ అడాప్టర్‌తో.

ఇంకొకటి, హెడర్లు (ఫ్రేము ముందుండే చిరునామాల భాగం) మాత్రమే పట్టండి. పిల్లల డేటా మనకెందుకు.

రీబూట్_రాజు
ఇంత ఎందుకు అన్నా, ఎవడు పంపుతున్నాడో తెలిశాక మనమూ తిరిగి డీఆథ్‌లు కొడితే సరి. బరంపురం స్టైల్.

మోడరేటర్
@రీబూట్_రాజు ఇలాంటి సలహాలు ఇక్కడ వద్దు. ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నెట్‌వర్క్‌కి అంతరాయం కలిగించడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

రీబూట్_రాజు
జోకు సార్. జోకు.

రాయగడ_వైరింగ్
దొరికింది. నిలబడి రాస్తున్నాను, అక్షరాలు తప్పితే సర్దుకోండి.

ఛానెల్ కదలకుండా పెట్టి ల్యాప్‌టాప్‌తో కారిడార్‌లో విన్నాను. ఐదున్నర దాటగానే మా యాక్సెస్ పాయింట్ అడ్రసుతోనే డీఆథ్‌లు మొదలయ్యాయి. అదే అడ్రసుతో వచ్చే బీకన్ల సిగ్నల్ -46 దగ్గర ఉంది, డీఆథ్‌లది -74 దగ్గర (సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ). ఒకే పెట్టె నుంచి వస్తే అంత తేడా రాదు. పైగా గడియారం పెట్టినట్టు సమాన ఎడంతో వస్తున్నాయి. మనిషి చేసే పనిలా లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని నడిచాను. గదుల వైపు పోతే సిగ్నల్ తగ్గింది. వెనక మెట్ల కిటికీ దగ్గర బాగా పెరిగింది. ఆ కిటికీ అవతల ప్రహరీ, దాని అవతల ఈ మధ్యే కట్టిన కోచింగ్ సెంటర్ బిల్డింగు. సాయంత్రం బ్యాచ్‌లు. ఆదివారం సెలవు.

బల్లార్షా_బండి
ఆదివారం!!!

జయపురం_జ్యోత్స్న
అక్కడి యాక్సెస్ పాయింట్లు కంట్రోలర్ ఉన్న రకమా? ఉంటే అందులో అపరిచిత యాక్సెస్ పాయింట్లను అడ్డుకునే సెట్టింగ్ ఉందేమో అడగండి. కంటైన్‌మెంట్ అంటారు. చొరబాట్లు పట్టే వ్యవస్థలో భాగమే అది. పక్కన తెలియని యాక్సెస్ పాయింట్ కనిపిస్తే దాని పేరుతో డీఆథ్‌లు పంపి ఎవరినీ ఎక్కనివ్వదు.

రాయగడ_వైరింగ్
వెళ్లి వచ్చాను. అక్కడి మేనేజర్ తెలుగువాడే, పలాస వైపు. టీ ఇచ్చాడు. వాళ్లకు ఏమీ తెలియదు పాపం. బిగించినతను సెక్యూరిటీ పేజీలో ఉన్న గడులన్నిటికీ టిక్ కొట్టి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే "సార్, అది ఏఐ ప్రొటెక్షన్, తీస్తే డేంజర్" అంటున్నాడు. మా మూడో అంతస్తు యాక్సెస్ పాయింట్ ఒక్కటే ప్రహరీ మీంచి వాళ్లకు గట్టిగా వినిపిస్తుంది, అందుకే ఆ అంతస్తుకే శని. రాత్రి క్లాసులు అయ్యాక మెయిన్ స్విచ్ ఆపేసి వెళతారు, తొమ్మిదికి ఆగడం అందుకే.

పర్లాకిమిడి_పాతకాపు
కంచే చేను మేసిందన్నమాట. అదీ పక్కవాడి కంచె.

సిరొంచ_సిగ్నల్
మన అన్న చొరబాటు పట్టే యంత్రం పెట్టాడు. అది పట్టాల్సింది ఇంకో చొరబాటు పట్టే యంత్రాన్ని. ఇద్దరిలో ఎవరికి 99.8 వచ్చిందో?

గుడిదారి_లాడ్జి
ఇది నేరం కాదా? వాళ్ల గోడ దాటి మన వైఫైని తెంపడం?

బల్లార్షా_బండి
అమెరికాలో 2014లో నాష్‌విల్ దగ్గర గేలార్డ్ ఓప్రీలాండ్ హోటల్లో మారియట్ వాళ్లు అతిథుల సొంత హాట్‌స్పాట్‌లను ఇలాగే తెంపారని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. 6 లక్షల డాలర్లు కట్టారు. ఇక్కడ కేసు దాకా ఎందుకులెండి, టిక్ తీస్తే సరిపోతుంది. ఇలాంటి టిక్కులు తీయడానికే నేను చంద్రపూర్ దాకా వెళ్లొస్తుంటాను.

రీబూట్_రాజు
6 లక్షల డాలర్లు! @గుడిదారి_లాడ్జి మీరు జాగ్రత్త.

గుడిదారి_లాడ్జి
నా దగ్గర ఉన్నది కొత్త పరికరం అని అరిచే యాప్ ఒక్కటే బాబూ. ఎవరినీ తెంపదు, నా నిద్ర తప్ప.

రాయగడ_వైరింగ్
మేనేజర్ ముందే ఆ టిక్ తీయించాను. ఈ సాయంత్రం పాత ఫోన్లు కూడా నిలబడ్డాయి. వార్డెన్ గారికి చెప్పాను. "అయినా ఒకసారి గదులు చూస్తే మంచిది" అన్నారు. ఆయన వెతికేది వైఫై బోర్డులు కాదు, ఇండక్షన్ స్టవ్‌లు అని నాకు ఇప్పుడర్థమైంది.

ఎనిమిదో_సెమ్
సార్ పట్టిన క్యాప్చర్ ఫైలు తీసుకుని జ్యోత్స్న మేడం చెప్పినట్టు నిమిషాల వారీగా మార్చి నడిపాను. ఆదివారం, ఇంకా మధ్యాహ్నాల డేటా ఇచ్చి ఐసొలేషన్ ఫారెస్ట్‌కి నేర్పించా. ఐదున్నర నుంచి తొమ్మిది దాకా ఒక్క పట్టీలా ఎర్రగా వచ్చింది, మిగతా రోజంతా దాదాపు నిశ్శబ్దం. ఏ ఫీచర్ వల్ల అని చూస్తే డీఆథ్‌ల సంఖ్య కంటే సిగ్నల్ బలం చెదురే ముందుంది. ఒకే అడ్రసు, రెండు బలాలు. పాత మోడల్ ఫైలు కూడా వెతికాను. అది ఆ డీఆథ్‌లను దాడి అనే అంది. కానీ మిగతావాటిని కూడా అంది కాబట్టి ఎవరూ చూడలేదు.

జయపురం_జ్యోత్స్న
ఇదే నీ ప్రాజెక్టు. 99.8 ఉన్న స్లైడు తీసేయ్, ఈ పట్టీ ఉన్న బొమ్మ పెట్టు. కానీ అదే రోజుల మీద నేర్పి అదే రోజుల మీద చూపించకు. ఒక వారం నేర్పు, తర్వాతి వారం పరీక్షించు, రోజుల ప్రకారం చీల్చు. ఇంకా కావాలంటే 2021లో వచ్చిన ఏడబ్ల్యూఐడీ3 చూడు. డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ (సంస్థల్లో వాడే వైఫై తాళం) మీద పట్టింది, పీఎంఎఫ్ ఉంది, క్రాక్, క్రూక్, ఈవిల్ ట్విన్ లాంటి దాడులు ఉన్నాయి. దాని మీద నేర్పి హాస్టల్ మీద పరీక్షించి, ఎంత పడిపోయిందో ఆ అంకె కూడా రాయి. పడిపోయిన అంకె రాసే ప్రాజెక్టులు తక్కువ, ఎగ్జామినర్ గుర్తుపెట్టుకుంటారు.

పర్లాకిమిడి_పాతకాపు
ఎగ్జామినర్ నాలాంటివాడైతే అడుగుతాడు: పీఎంఎఫ్ పెడితే పోయేదానికి ఇదంతా ఎందుకు అని. జవాబు తయారుగా ఉంచుకో.

ఎనిమిదో_సెమ్
పీఎంఎఫ్ ఫోన్ని కాపాడుతుంది, పంపేవాడు ఎక్కడున్నాడో చెప్పదు. పైగా కనెక్ట్ అవకముందు నడిచే ఫ్రేములకు ఆ రక్షణ లేదు, నకిలీ యాక్సెస్ పాయింట్‌ని అది ఆపదు. ఇలా చెప్పనా మాస్టారూ?

పర్లాకిమిడి_పాతకాపు
చెప్పు. నేను పాస్ చేస్తాను.

రాయగడ_వైరింగ్
సేల్స్ అబ్బాయి మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్ల పెట్టెలో కంటైన్‌మెంట్ ఉందా అని అడిగాను. "ఉంది సార్, డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఇస్తాం" అని గొప్పగా చెప్పాడు.

ఇంకొక్కటి అడిగి ఈ థ్రెడ్ మూసేస్తాను. పీఎంఎఫ్ తప్పనిసరి చేయమని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. వేలిముద్ర మిషన్లు రెండూ ఎక్కడం లేదు. తిరిగి ఐచ్ఛికంలో పెట్టేయనా?

బల్లార్షా_బండి
మిషన్లకు వేరే ఎస్‌ఎస్‌ఐడీ (వైఫై పేరు) ఒకటి తీయండి, 2.4 మీద, పీఎంఎఫ్ ఆఫ్, విడి వీల్యాన్‌లో (అదే తీగల మీద వేరుచేసిన నెట్‌వర్క్). హాజరు సర్వర్ తప్ప ఇంకెక్కడికీ దారి లేకుండా. పిల్లల ఎస్‌ఎస్‌ఐడీకి కూడా వెంటనే తప్పనిసరి వద్దు, పాత ఫోన్లవాళ్లు మీ గది ముందు క్యూ కడతారు. మిషన్లకు కేబుల్ వెళ్లే దారుంటే మాత్రం వైఫై ఊసే ఎత్తకండి.

రాయగడ_వైరింగ్
కేబుల్ వెళుతుంది. మెస్ వెనక నుంచి లాగాలి, నలభై మీటర్లు ఉండొచ్చు. రేపు చేస్తా.

రీబూట్_రాజు
లాగాక ఒకసారి రీబూట్ చెయ్ అన్నా.